వెలగని దీపం రంగు

మీ ఉద్యోగం ఏమిటమ్మా అని ఎవరైనా అడిగితే, చీకట్లో కూర్చోవడం అని చెప్పేదాన్ని. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను చెప్పింది మాత్రం అబద్ధం కాదు. రైలు ఇంజన్లు నడిపేవాళ్ళ కళ్ళు పరీక్షించే ఆసుపత్రిలో, కంటి విభాగంలో, నా ఉద్యోగమంతా గడిచింది. అందులో సగం పట్టపగలే, తలుపు మూసిన చీకటి గదిలో గడిచింది. ఆసుపత్రి పేరు చెప్పను. పింఛను తింటున్నవాళ్ళు నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలి. ఊరు రాయపూర్ అని చెబితే చాలు. కొత్త రాష్ట్రం వచ్చి, మా ఊరు రాజధాని అయి, ఏ సందు తిరిగినా తడి ఆరని బోర్డు ఒకటి కనిపిస్తున్న రోజులు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నాకు తెలుసు. ఇప్పుడు అంతా తెర మీద చూపిస్తున్నారు, మీట నొక్కితే రంగు మారుతుంది. బాగుంది. నేను చెప్పబోయేది వాళ్ళ దగ్గర లేని ఒక ఇనుప డబ్బా గురించి, అందులో వెలగని ఒక బల్బు గురించి.

ఎర్ర దీపానికీ ఆకుపచ్చ దీపానికీ తేడా తెలియని మనిషి ఇంజన్ ఎక్కకూడదు కదా. అందుకని డ్రైవర్లందరూ కొన్నేళ్ళకొకసారి మా దగ్గరికి రావాలి. డబ్బాలో బల్బు ఉంటుంది. ముందు శనగ గింజంత రంధ్రం. దానికి అడ్డంగా రంగు అద్దాలు బిగించిన చక్రం. ఒక్కో గడి తిప్పితే టిక్‌మని చప్పుడవుతుంది. గదికి ఆ చివర కూర్చున్న డ్రైవరు తనకు కనబడిన రంగేదో పైకి చెప్పాలి. అంతే పరీక్ష. అయితే ఎండలోంచి వచ్చిన కన్ను చీకటికి వెంటనే లొంగదు. దీపం వెలిగించే ముందు చాలాసేపు ఊరికే కూర్చోవాలి. అలా కూర్చోబెట్టడానికి నాకు జీతం ఇచ్చేవాళ్ళు.

ఆ గది కిటికీలకు కట్టిన నల్లగుడ్డ నేనే పండరీ బజారులో కొన్నాను. టోకు దుకాణంవాడు తాను మీద తాను విప్పుతూ, ఇంత నల్లగుడ్డ ఎందుకు దీదీ, ఏమన్నా నల్లజెండాల జులూసు తీస్తున్నారా అని అడిగాడు. ఒక రాత్రి కుట్టించుకోవాలి భయ్యా అన్నాను. వాడు నా ముఖం ఎగాదిగా చూసి, రెండు మీటర్లు ఎక్కువే కత్తిరించాడు.

ఆ రాత్రి నిజంగానే బాగా కుదిరింది. బయట మే నెల ఎండ రోడ్డు మీద తారు కరిగిస్తుంటే, లోపల చల్లగా, మెత్తగా ఉండేది. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి చీకటి కదలడం మొదలుపెడుతుంది. వంకాయ రంగు అలలు వస్తాయి, పోతాయి. ఎక్కడో నిప్పురవ్వ లేచినట్టు అవుతుంది. మా పెద్ద డాక్టరమ్మను అడిగితే, కన్ను ఊరికే కూర్చోలేదమ్మా, చూడ్డానికేమీ లేకపోతే అదే ఏదో ఒకటి వండుకుంటుంది అంది. ఆవిడ బెంగాలీ. హిందీలో మాట్లాడుతుంది, ఇంగ్లీషులో చదువుతుంది. మధ్యాహ్నం టీతో పాటు రోజుకొక పాత ఇంగ్లీషు మాట మా మీదకు విసరడం ఆవిడకు అలవాటు. మాకు బిస్కెట్ల మీద ఉన్న ధ్యాస ఆ మాటల మీద ఉండేది కాదు.

చీకట్లో మనుషులు మాట్లాడతారు. నా ముఖం కనబడదు, వాళ్ళ ముఖం కనబడదు. వెలుగులో నమస్తే మేడమ్ అని తప్ప నోరు విప్పని మనుషులు, దీపం వెలిగే లోపల, పట్టాల మీదకు వచ్చిన గేదె కళ్ళ గురించి, ఇంట్లో ఎవరూ తనతో కలిసి భోంచెయ్యడం లేదన్న సంగతి గురించి చెప్పేవాళ్ళు. ఒకాయన చక్కగా గురక పెట్టి నిద్రపోయాడు. లేపబుద్ధి కాక తరవాతివాణ్ణి ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

మొదట్లో ఇలా లేదు. నేను కొత్తగా చేరినప్పుడు, ఆడమనిషితో తలుపు మూసిన చీకటి గదిలో కూర్చోం అన్నారు డ్రైవర్లు. తలుపు ఓరగా తీసి పరీక్ష చేశాను. సందులోంచి ఎండ కర్రలా లోపలికి వచ్చి పడేది, పరీక్ష అభాసుపాలయ్యేది. డాక్టరమ్మ తలుపు మూసేయమంది. బెంచీ మీది పదిమందీ గోడలు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు వాళ్ళలో వయసు మళ్ళిన ఒక డ్రైవరు లేచి, చెప్పులు గుమ్మంలో విడిచి, నా కంటే ముందు లోపలికి నడిచాడు.

"రా సెల్లెమ్మా, తలుపేసీ," అన్నాడు. "సీకటికి ఆడా మగా ఏటి?"

పార్వతీపురం వైపు మనిషి. తాత కాలంలోనే ఇక్కడికి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఛత్తీస్‌గఢీ, ఇంజన్ మీద హిందీ. గొంతు ఎంత పెద్దదంటే, ఆయన కాంటీన్లో టీ చెబితే వార్డులో రోగులకు వినబడేది. ఆ రోజు నుంచీ నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. మళ్ళీ ఎవరూ తలుపు తియ్యమని అడగలేదు.

ఇక చక్రం సంగతి చెప్పాలి. రంగులు ఒక వరసలో చూపించకూడదు, తారుమారు చేస్తుండాలి. కానీ మా చక్రం తుప్పు పట్టి ఒక వైపుకే తిరిగేది. రెండో వైపు తిప్పితే మొరాయించేది. కొత్తది కావాలని పైకి కాగితం పెట్టాం. ఆ కాగితం ఏ బల్ల మీదో హాయిగా నిద్రపోయింది. గుడ్డికన్నా మెల్ల మేలు అని ఉన్నదానితోనే నెట్టుకొచ్చాం.

బయట బెంచీ మీద మా తెలుగు డ్రైవర్లు ఎప్పుడు చూసినా కూరగాయల గురించి గొణుక్కునేవాళ్ళు. టమాటా, బీరకాయ, నిమ్మకాయ, బీరకాయ, టమాటా, టమాటా, నిమ్మకాయ. నేను గుమ్మంలోకి రాగానే తేలు కుట్టిన దొంగల్లా ఊరుకునేవాళ్ళు. పాపం డ్యూటీ దిగి ఇంటికి కూరలు పట్టుకెళ్ళాలి కాబోలు అనుకునేదాన్ని. ఒకసారి ఒకాయనకు, ఇవాళ బీరకాయలు ముదురుగా ఉన్నాయి, తీసుకోకండి అని సలహా కూడా ఇచ్చాను. ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

అన్నయ్య వంతు ఒక వేసవిలో వచ్చింది. అప్పటికి ఆయన పిల్లల సెలవులకు జనం కిక్కిరిసి ఎక్కే ఎక్స్‌ప్రెస్ నడుపుతున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా ఇంకొకరిది వేసుకున్నట్టు వదులుగా వేలాడుతోంది. తలుపు మూసి కూర్చున్నాం. ఎప్పుడూ చీకటి పడగానే పురాణం విప్పే మనిషి, ఉలుకూ పలుకూ లేదు.

"ఏంటన్నయ్యా, ఇవాళ మాటల్లేవు?"

"గొంతు బాగోనేదు సెల్లెమ్మా. ఎండ."

దీపం వెలిగించాను. మొదటి రంగుకి "లాల్" అన్నాడు. టిక్. "హరా" అన్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, రెండూ సరైనవే. అప్పుడు డబ్బాలో టిక్‌మని చిన్న చప్పుడైంది. నేను చక్రం తిప్పలేదు. బల్బు పోయింది. గది నల్లగుడ్డలో మూటగట్టినట్టు అయిపోయింది. ఆగన్నయ్యా అనబోతున్నాను.

"పీలా," అన్నాడు ఆయన.

తరవాతి గడిలో పసుపు అద్దమే ఉంది. చెయ్యి దానంతట అదే చక్రం తిప్పింది. టిక్. చీకట్లోంచి, ఊపిరి కంటే మెల్లగా "బీరకాయ" అన్న మాట, వెంటనే పైకి "హరా" అన్న మాట వినబడ్డాయి. టిక్. "టమాటా." "లాల్." ఏమీ లేని చోట ఆయన రంగు తరవాత రంగు పెడుతూ పోయాడు. ఒక్కటీ తడబడలేదు. చెబితే నమ్మరు, చివరికొచ్చేసరికి నా కళ్ళకీ కనబడ్డాయి అవి. ఎర్రగా ఒకటి పూసి, ఆరిపోయింది. పచ్చగా ఒకటి తేలింది. కలలో రైలు స్టేషన్ దాటిపోతుంటే చూస్తున్నట్టు ఉంది. ఆపుదామని తోచలేదు.

"అయిపోయిందా? అన్నీ సరిగ్గా సెప్పీసేను గదా?"

"అన్నయ్యా, ఇప్పుడు నీకు దీపం కనిపిస్తోందా?"

"కనిపించకేం. పీలా."

నేను మా విభాగం ఆయాబాయిని కేకేశాను. ఇక్కడి పల్లె మనిషి, ఏ మాటా మనసులో దాచుకోదు. తలుపు తీసుకుని వచ్చి, డబ్బా రంధ్రంలోకి తొంగి చూసి, "బలబ్ తో ఫూజ్ హోగే హే దీదీ," అని బల్బు పోయిన సంగతి పైకి చెప్పేసింది. గుమ్మంలోంచి పడిన వెలుగులో అన్నయ్య ముఖం చూశాను. చూడకుండా ఉంటే బాగుండును అనిపించింది.

ఆయాబాయి కొత్త బల్బు కోసం స్టోరుకు వెళ్ళింది.

"ఎప్పుడు పోయిందది?" అన్నాడు అన్నయ్య.

"మూడోదాని దగ్గర."

డబ్బా రంధ్రం వైపే చూస్తూ కూర్చున్నాడు. "నాను సూసేను సెల్లెమ్మా," అన్నాడు చివరికి. "మా అమ్మ తోడు. ఎర్రగా ఒచ్చింది, పచ్చగా ఒచ్చింది. నాను అబద్దం ఆడనేదు."

అది నిజమని నాకు తెలుసు. నేనూ చూశాను కదా. అదే నన్ను భయపెట్టింది.

"పాస్ అని రాసీ తల్లీ," అన్నాడు. అంత పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో. "నాకింక ఎన్నాళ్ళు సర్వీసుంది? ఆకరి గాడీ నడిపి, ఇంజన్‌కి దండేసి, ఆ దండతో దిగాల. మా నాన్న అలాగే దిగేడు. ఫిట్ నేదని మధ్యలో దింపీసి ఏ ఆఫీసు గుమ్మంలోనో కూకోబెడితే, నాను ఇంటికెళ్ళి ఏ మొకం సూపించుకోను?"

మీరు నన్నడగొచ్చు, అంత ఆలోచించాలా అని. ఆలోచించాను. నా కోసం చెప్పులు విడిచి ముందు నడిచిన మనిషి ఆయన. పాస్ అని రాస్తే అడిగేవాడు లేడు. రాయబోయే ముందు నన్ను నేను ఒకటే అడిగాను. రేపు ఆ బండిలో నా పిల్లల్ని ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి ఊపుతానా? చెయ్యి ఊపగలనని అనిపించలేదు.

కొత్త బల్బు వచ్చింది. మళ్ళీ కూర్చోమన్నాను. మళ్ళీ చీకటి, మళ్ళీ ఆ ఎదురుచూపు. ఈసారి చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, మొరాయిస్తున్నా వినకుండా, వెనక్కి తిప్పాను. బొటనవేలి తోలు లేచిపోయింది. టిక్.

"హరా," అన్నాడు. అది ఎరుపు.

ఇంకోటి తిప్పాను. "తెల్లగుంది... కాదు, పీలా." అది ఆకుపచ్చ. ఇంకోటి తిప్పాను. జవాబుకు బదులు కుర్చీ కిర్రుమంది. పెద్దవాళ్ళు ఏడిస్తే చప్పుడు రాదు, ఊపిరి మాత్రం తెగి తెగి వస్తుంది. చీకట్లో అది విని నేనూ ఏడ్చాను.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ కుర్చీ చూపించింది, నీళ్ళు ఇప్పించింది. ఆయన తెల్ల చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆవిడ దాన్నే చూస్తోంది.

"ఆ రుమాలు ఏ రంగు భాయీ?" అంది.

"తెలుపే మేడమ్."

నేనూ చూశాను. కళ్ళు తుడుచుకున్న చోటల్లా నారింజ మరకలు, పసుపూ కుంకుమా కలిపి అద్దినట్టు. అంత కొట్టొచ్చినట్టు ఉంటే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "తెలుపే మేడమ్, మా ఇంటిది రోజూ ఉతుకుతాది," అన్నాడు.

"క్షయ మందులు ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నావు?"

ఆయన తల దించుకున్నాడు. దగ్గు మొదలైందట. ఆసుపత్రిలో చెబితే ఇంజన్ దింపేస్తారని, ఊరవతల ఎవరో ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళాడట. మందులు ఇచ్చాడు. కన్నీళ్ళకు రంగు వస్తే రానియ్యి అన్నాడు. అందులో ఒక బిళ్ళ కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడాను తినేస్తుందని, కళ్ళు చూపించుకుంటూ ఉండాలని మాత్రం చెప్పలేదు. త్వరగా తగ్గాలని ఈయన ఆ బిళ్ళే ఇంకొకటి సొంతంగా ఎక్కువ మింగాడు. సిగ్నళ్ళు తేడాగా కనబడటం మొదలయ్యాక, ఏ సిగ్నల్ ఎక్కడుందో మనసులో ఉంది కాబట్టి, వెలిగింది పై దీపమా కింది దీపమా అన్నది చూసి బండి నడిపాడట. పక్కన అసిస్టెంటు కుర్రాడు రంగు పైకి చెబితే దాన్నే తిరిగి చెప్పేవాడట.

"ఆ ఒక్క బిళ్ళా ఇవాళే ఆపుతున్నాం, దాని బదులు ఇంకోటి రాస్తాను," అంది డాక్టరమ్మ. "ఇంకొన్నాళ్ళు ఇలాగే గడిస్తే నీ ఇంటి గుమ్మం కూడా కనబడేది కాదు. ఇప్పుడైతే చూపు తిరిగి రావచ్చు. వస్తుందని మాట ఇవ్వలేను."

కబురు ఆఫీసుకు చేరింది. ఒక పెద్దమనిషి వచ్చాడు, కోటు బొత్తాలు అన్నీ పెట్టుకుని. రోగం దాచాడు, పరీక్షలో మోసం చేశాడు, ఇతని మీద కేసు పెట్టాలి అన్నాడు. చక్రం మీది రంగుల వరసను కూరగాయల పేర్లతో బట్టీ పడుతున్న సంగతి అప్పటికి బయటపడింది, బెంచీ బెంచీ అంతా ఆ పాఠం వల్లించినవాళ్ళే. నేను తల ఎత్తలేకపోయాను, బీరకాయల గురించి సలహా ఇచ్చిన మనిషిని కదా.

అది టీ వేళ. డాక్టరమ్మ కప్పు కింద పెట్టి, "బినైటెడ్," అంది.

ఆయన నవ్వాడు. "అజ్ఞాని. అదే కదా మేడమ్ నేనూ అంటున్నాను. మూర్ఖుడు."

"ఆ అర్థం తరవాత వచ్చింది," అంది ఆవిడ. "పాత పుస్తకాల్లో ఆ మాటకి దారిలో రాత్రి పడిపోయినవాడు అని అర్థం. పొద్దున్నే బయల్దేరాడు, దారి తెలుసు, కాళ్ళు బాగానే ఉన్నాయి. ఇల్లు చేరకముందే చీకటి పడింది. అంతే. అలాంటివాడు కనబడితే పల్లెలో లాంతరు పట్టుకుని ఎదురు వెళ్ళేవాళ్ళు. ఎప్పుడో, ఎవరో, ఇంట్లో దీపం ముందు కూర్చున్నవాడు, ఆ బాటసారిని చూసి తెలివితక్కువవాడు అన్నాడు. ఆ అర్థమే మిగిలింది. ఈ మనిషి రోగం దాచడం తప్పే, ఇంజన్ మీద నుంచి నేనే దింపుతున్నాను. మీరు కేసు రాస్తారో, రోగి అని రాస్తారో మీ ఇష్టం. కేసు రాస్తే రేపటి నుంచి దగ్గు వచ్చిన ఏ డ్రైవరూ నా గుమ్మం తొక్కడు. వాళ్ళందరూ ఊరవతలికే వెళ్తారు."

పెద్దమనిషి చాలాసేపు బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి పడిపోయే దాకా చూస్తూ కూర్చున్నాడు. చివరికి రోగి అనే రాశాడు. నేను ఆ రోజు నుంచీ ఆవిడ టీ వేళ చెప్పే మాటలు శ్రద్ధగా విన్నాను. చాలావాటికి అర్థాలు మర్చిపోయాను, ఆ ఒక్కటీ తప్ప.

తరవాతి నెలలు నాకు బాగా గడవలేదు. అన్నయ్య సెలవులో ఉన్నాడు. దేవేంద్ర నగర్‌లో మా ఇంటి దగ్గరి కూరగాయల బండి ముందు ఒకసారి ఎదురుపడ్డాడు. అన్నయ్యా అని పిలిచాను. ఆయన చేతిలో టమాటా ఉంది. దాన్ని బుట్టలో పెట్టేసి, నన్ను చూడనట్టే వెళ్ళిపోయాడు. ఆటోల హారన్ల మధ్య అలాగే నిలబడిపోయాను. చేసింది సరైన పనేనని ఎంత తెలిసినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా చక్రానికి మాత్రం మంచి రోజులు వచ్చాయి. పైన నిద్రపోతున్న కాగితం మేలుకుంది. మెకానిక్ వచ్చి తుప్పు గీకి, నూనె పోసి, రెండు వైపులా తిరిగేలా చేశాడు. బెంచీ మీద కూరగాయలు ఆగిపోయాయి. అదోలా బోసిపోయింది వరండా.

చలికాలంలో డాక్టరమ్మ నన్ను పిలిచి, ఒకాయన వస్తున్నాడు, గది సిద్ధం చెయ్యి అంది. క్షయ తగ్గిందట. రంగుల చూపు పరీక్షించే పుస్తకంలో, చుక్కల బొమ్మల్లో దాగిన అంకెలన్నీ సరిగ్గా చదివాడట. ఇక చీకటి గది మిగిలింది. నల్లగుడ్డ అంచులు సర్దుతుంటే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. అన్నయ్య కొంచెం ఒళ్ళు చేశాడు. నా వైపు చూడలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. తలుపు మూశాను.

ఈసారి చీకటి చాలా పొడుగ్గా ఉంది. బయట ఎవరో బకెట్ ఈడ్చుకెళ్ళారు. ఆ తరవాత ఆ చప్పుడూ పోయింది. వంకాయ రంగు అలలు వచ్చాయి, పోయాయి.

"ఆ వేళ రాయనేదని కోపం ఒచ్చింది సెల్లెమ్మా," అన్నాడు చీకట్లోంచి. "రోజూ నిన్ను తిట్టుకునీవోణ్ణి. మొన్న మా మనవరాలు ఎర్ర రిబ్బను కట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. ఎర్రగా ఉందే అన్నాను. అప్పుట్నుంచి తిట్టడం మానీసేను."

దీపం వెలిగించాను. ముందుకి ఒకటి, వెనక్కి రెండు, ఇష్టం వచ్చినట్టు తిప్పాను. ఆయన తొందర పడలేదు. ఒక్కోదాన్నీ ఆగి, చూసి, చెప్పాడు. లాల్. లాల్. హరా. పీలా. హరా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక చాలు, పరీక్ష అయిపోయింది.

నేను ఆపలేదు. చేత్తో తడుముకుని స్విచ్ పట్టుకున్నాను. దీపం ఆర్పేసి, చక్రం ఒక గడి తిప్పాను. టిక్.

ఆయన ఊపిరి వినబడుతోంది. కళ్ళు చిట్లిస్తున్నాడని తెలుస్తోంది. నా కళ్ళ ముందు అప్పటికే ఎర్రగా ఏదో పూస్తోంది. చెప్పేస్తాడేమోనని చీర కొంగు గట్టిగా పట్టుకున్నాను. మనిషి కూర్చున్న చోటే ముందుకు వంగాడు, మళ్ళీ వెనక్కి వాలాడు.

"ఏటీ నేదు సెల్లెమ్మా," అన్నాడు అన్నయ్య. "సీకటి."

"అవునన్నయ్యా," అన్నాను, "చీకటే." తలుపు తియ్యకుండానే, తడుముకుంటూ, కాగితం మీద పాస్ అని రాశాను.